లీడరక్క కోడలిని గ్రూపులోకి తీసుకోవాలా?

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లాలో ఒక పల్లె. మా పొదుపు గ్రూపులో పన్నెండు మందిమి. పదేళ్లుగా మొదటి లీడరు ఒక్కరే. రెండో లీడరుగా ఉన్నామె ఈమధ్య కొడుకు దగ్గరికి హైదరాబాద్ వెళ్లిపోయింది. ఆ ఖాళీలోకి లీడరక్క తన కోడలిని తీసుకుని, ఆ అమ్మాయినే రెండో లీడరుగా పెట్టి వీవోకి, అంటే ఊళ్లోని గ్రూపులన్నీ కలిసిన గ్రామ సంఘానికి, పంపుతానంటోంది. ఇంటింటికీ వచ్చి అడిగింది. అందరూ సరే అన్నారు, నేనూ తలూపాను. కానీ బోరింగు దగ్గర కలిస్తే అందరూ గొణుగుతున్నారు. మా వీధి చివర ఒంటరిగా ఉండే ఒకామె కూలికి వెళ్తుంది. గ్రూపులో చేర్చుకోమని రెండేళ్లుగా అడుగుతోంది, ఆమె సంగతి ఎవరూ ఎత్తడం లేదు. మా ఆయన ఆపరేషన్ అప్పుడు రాత్రికి రాత్రి డబ్బు సర్దింది ఈ లీడరక్కే. ఆమె మొహం చూసి కాదని ఎలా అనను? అసలు కొత్త మనిషిని, కొత్త లీడరుని ఎలా ఎంచుకోవాలి? నేను రెండో లీడరుగా నిలబడితే తప్పా?

సమాధానం: అమ్మా, గ్రూపులోకి కొత్త మనిషిని చేర్చుకోవడం ఒక పని. ఉన్నవాళ్లలోంచి లీడరుని ఎంచుకోవడం వేరే పని. మీ లీడరక్క రెంటినీ కలిపి ఒకే మాటగా అడిగింది. "మా కోడలు గ్రూపులోకి వస్తుంది, రెండో లీడరుగా ఉంటుంది, సరేనా" అంటే ఎవరైనా దేనికి ఒప్పుకున్నట్టు, దేనికి ఒప్పుకోనట్టు? ముందు వీటిని విడదీయండి. వచ్చే మీటింగులో "ఈసారి చేరిక సంగతి తేలుద్దాం, లీడరు సంగతి ఆ తర్వాతి మీటింగులో చూద్దాం" అని మీలో ఒక్కరు అనగలిగితే చాలు, సగం చిక్కు అక్కడే వీడుతుంది.

చేరిక సంగతి ముందు చెబుతాను, మీ డబ్బు ఇరుక్కునేది అక్కడే కాబట్టి. బ్యాంకు లింకేజీ అప్పు మీలో ఎవరి పేరు మీదా ఉండదు, గ్రూపు పేరు మీద ఉంటుంది. పది లక్షల దాకా పొలం కాగితం అడగరు, బంగారం అడగరు, జామీను అడగరు. మరి బ్యాంకు దేన్ని చూసి ఇస్తోంది? ఒకరు వాయిదా తప్పితే మిగతావాళ్లు ఊరుకోరన్న నమ్మకాన్ని చూసి. అంటే కొత్తగా ఎవరిని చేర్చుకున్నా, ఆమె కట్టని రోజున మీ ఇంట్లోంచి తీసి కట్టడానికి మీరు ఒప్పుకున్నట్టే. అందుకని ఈ విషయంలో లీడరు ఒక్కరి ఇష్టంతో పని జరగకూడదు. మెజారిటీ కూడా చాలదు. పదకొండు మందిలో ప్రతి ఒక్కరి మాటకూ బరువుండాలి.

ఈ పద్ధతి ఏ ఆఫీసరో కూర్చుని రాసింది కూడా కాదు. 1980ల్లో కర్ణాటకలో మైరాడ అనే సంస్థ పెట్టించిన పెద్ద సహకార సంఘాలు నడవక చీలిపోయాయి. ఆ చీలికల్లోంచి ఒకరినొకరు నమ్మే కొద్దిమంది చొప్పున చిన్న గుంపులుగా కూడి, పొదుపు సాగించారు. ఎవరు ఎవరితో ఉండాలో బయటివాళ్లు చెప్పలేదు, వాళ్లే ఎంచుకున్నారు. అలాంటి గుంపులకు అప్పిస్తే తిరిగి వస్తుందా అని జాతీయ గ్రామీణాభివృద్ధి బ్యాంకు నాబార్డు 1992లో ఐదొందల గ్రూపులతో మొదలుపెట్టి చూసింది. ఇవాళ్టి బ్యాంకు లింకేజీ అంతా దాని మీద నిలబడ్డదే. మీకు పక్కనే ఉన్న నెల్లూరు జిల్లాలో కూడా అంతే. దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమంలో కలిసి నడిచిన ఆడవాళ్లే తర్వాత రోజుకు రూపాయి లెక్కన పొదుపు చేసుకున్నారు. సారా దుకాణం ముందు పక్కన నిలబడిన మనిషి ఎలాంటిదో వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు.

దీనికి విరుద్ధంగా జరిగింది కూడా మన రాష్ట్రంలోనే చూశాం. 2010కి ముందు మైక్రోఫైనాన్స్ కంపెనీల ఏజెంట్లు వీధుల్లోకి వచ్చి, దొరికినవాళ్లను దొరికినట్టు కూర్చోబెట్టి గ్రూపులు కట్టారు. ఒకరి ఇల్లు ఒకరికి సరిగా తెలియనివాళ్లు కూడా ఒకరికొకరు పూచీ సంతకాలు పెట్టారు. వాయిదా తప్పినప్పుడు ఒకరి మీద ఒకరు పడ్డారు. వసూళ్ల ఒత్తిడి తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్నవాళ్ల కథలు అప్పటి పేపర్ల నిండా ఉండేవి. 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చింది. మీ ఊళ్లో కూడా ఆ రోజులు గుర్తున్నవాళ్లు ఉండే ఉంటారు. ఎవరు ఎవరిని ఎంచుకున్నారన్నది చిన్న సంగతి కాదని ఇంత దూరం చెబుతున్నది అందుకే.

ఇక ఇంటింటికీ వెళ్లి తీసుకున్న "సరే" గురించి. దాన్ని లెక్కలోకి తీసుకోకండి. లీడరు స్వయంగా గుమ్మంలోకి వచ్చి, మంచినీళ్లు తాగి, "నీకేమైనా అభ్యంతరమా అమ్మాయ్" అంటే ఏ ఆడది ఉందని చెబుతుంది? ఒకామెకు వచ్చే నెల అప్పు కావాలి. ఒకామె పోయిన నెల వాయిదా కట్టలేదు. ఒకామె ఆ ఇంటి పొలంలోనే కలుపుకి వెళ్తుంది. మీకు ఆపరేషన్ నాటి ఋణం ఉంది. పది గుమ్మాల్లో పది రకాల మొహమాటాలు. మీరు తలూపినందుకు నొచ్చుకోవద్దు. అడిగిన తీరే అలాంటిది. సభ్యులందరూ ఒకచోట కూర్చుని, ముందు మాట్లాడుకుని, ఆ తర్వాత చాటుగా తేల్చుకుని, మినిట్స్ పుస్తకంలో రాసి సంతకాలు పెడితేనే అది తీర్మానం. అప్పటిదాకా ఏదీ జరగనట్టే.

చాటుగా తేల్చుకోవడం ఎలాగో చెబుతాను. చదువు రానివాళ్లు ఉన్న గ్రూపుల్లో చీటీలు పనికిరావు. ఎవరి చీటీ ఎవరు రాశారో దస్తూరీ చెప్పేస్తుంది. గింజలు వాడండి. ఒక్కొక్కరికి ఒక చింతగింజ, ఒక శనగగింజ ఇవ్వండి. చింతగింజ అంటే చేర్చుకుందాం, శనగగింజ అంటే వద్దు. లోపలి గదిలో రెండు చెంబులు పెట్టి మూతికి గుడ్డ కట్టి, చెయ్యి పట్టేంత సందు ఉంచండి. ఒకటి లెక్కపెట్టే చెంబు, ఇంకోటి మిగిలిన గింజ వేసే చెంబు. ఒక్కొక్కరే వెళ్లి, తమకు కావాల్సిన గింజ మొదటిదాంట్లో, రెండోది రెండోదాంట్లో వేసి రావాలి. చేతిలో గింజ మిగలకూడదు, మిగిలితే బయటికొచ్చాక ఎవరైనా చూస్తారు. చివరికి అందరి ముందూ మొదటి చెంబు వంచి లెక్కపెట్టండి. వంచే మనిషి మీ గ్రూపు మనిషి కాకపోతే మంచిది. మీ వీవోఏ, అంటే గ్రామ సంఘం పనులు చూసే సహాయకురాలు, లీడరక్కకు దగ్గరి మనిషైతే ఆమెనూ పిలవకండి, పక్క గ్రూపు లీడరుని రమ్మనండి.

గింజలు వేయడానికి ముందు మాట్లాడుకోవాల్సిన పనొకటి ఉంది. అది పేర్లు ఎత్తకముందే జరగాలి. "మన గ్రూపులోకి వచ్చే మనిషి ఎలా ఉండాలి?" అని మొదట తేల్చుకోండి. మీటింగుకి వస్తుందా, నెలనెలా పొదుపు కట్టగలదా, కిరాణా కొట్లో ఖాతా తీర్చే అలవాటుందా, ఈ ఊళ్లోనే ఉంటుందా. ఇలాంటివి నాలుగు మాటలు రాసుకోండి చాలు. ఆమెది ఏ కులం, ఇంట్లో మగదిక్కు ఉందా లేదా అనేవి ఆ నాలుగింట్లోకి రాకూడదు. ముందే రాసుకుంటే లీడరక్క కోడలికీ, వీధి చివరి ఆమెకూ కొలత ఒక్కటే అవుతుంది. పేరు తెలిశాక కొలత పెట్టుకుంటే, ఇష్టమైనవాళ్లకు సరిపోయేలాగే పెట్టుకుంటారు.

ప్రతి ఒక్కరి మాటకూ బరువు ఉండాలన్నాను కదా, దాంట్లో ఒక ప్రమాదం కూడా ఉంది. అందరూ ఒప్పుకోవాలంటే ఎప్పుడూ వెనకబడిపోయేది బీదరాలే. ఒక్క శనగగింజ పడినా ఆమె బయటే ఉండిపోతుంది. అందుకని నేను చెప్పేదేమంటే, ఒకటి రెండు గింజలు అడ్డం పడితే కాదని తేల్చేయకండి. మూడు నెలలు పొదుపు మాత్రం కట్టించుకోండి, మీటింగులకు రానివ్వండి, అప్పు ఇవ్వకండి. మూడు నెలల తర్వాత మళ్లీ గింజలు వేయండి. అప్పటికీ ఎవరైనా వద్దంటే, డబ్బుకో మీటింగుకో సంబంధించిన కారణం చెప్పాలి, అది పుస్తకంలో రాయాలి. రెండేళ్లుగా గుమ్మం బయట నిలబడి అడుగుతున్న మనిషికి కనీసం ఆ మూడు నెలలు మీరు బాకీ ఉన్నారు. అసలు ఈ సంఘాలు పెట్టింది అలాంటివాళ్ల కోసమే కదమ్మా.

ఇప్పుడు కోడలి సంగతి. ఆ అమ్మాయి లీడరక్కతో ఒకే ఇంట్లో ఉంటోందా, వేరు కాపురమా? మీ ఉత్తరంలో అది లేదు. తేల్చాల్సింది మాత్రం ముందు అదే. ఒక కుటుంబం నుంచి ఒక్కరే ఒక గ్రూపులో ఉండాలని నాబార్డు మొదటి నుంచీ చెబుతోంది. ఎక్కువ ఇళ్లకు సంఘం అందాలన్నదే దాని ఉద్దేశం. కాబట్టి ఒకే పొయ్యి మీద వంట అయితే మీరు ఎవరితోనూ తగువు పడక్కర్లేదు, ఆ మాట చెబితే చాలు. వేరు కాపురమైతే మిగతావాళ్లలాగే ఆమెనూ చూడండి. లీడరు కోడలు కావడం తప్పేమీ కాదు, చురుకైన పిల్లయితే గ్రూపుకి లాభమే. కానీ అత్త మొదటి లీడరు, కోడలు రెండో లీడరు అయితే మాత్రం ససేమిరా ఒప్పుకోకండి. బ్యాంకులో డబ్బు తీయడానికి ఇద్దరి సంతకాలు ఎందుకు పెట్టారు? ఒకరిని ఒకరు చూస్తూ ఉంటారని. రెండు సంతకాలూ ఒకే ఇంట్లో ఉంటే ఆ కాపలా పోయినట్టే. ఆ అత్తాకోడళ్లు ఎంత మంచివాళ్లయినా సరే, రేపు లెక్కలో వంద రూపాయలు తేడా వచ్చినా ఊరు ఊరంతా వాళ్లనే వేలెత్తి చూపుతుంది. ఇది లీడరక్కకు కూడా మేలు చేసే మాటే.

మన పెద్దవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. కాంచీపురం దగ్గర ఉత్తిరమేరూరు గుడి గోడ మీద పరాంతక చోళుడి కాలం నాటి శాసనం ఉంది, వెయ్యేళ్ల కిందటిది. ఊరి వారియాలకు, అంటే కమిటీలకు, మనుషుల్ని ఎలా ఎంచాలో అందులో రాయించారు. అర్హత ఉన్నవాళ్ల పేర్లు తాటాకుల మీద రాసి కుండలో వేసేవాళ్లు. చిన్న పిల్లవాడు అందరి ముందూ ఒక ఆకు తీసేవాడు. అంతకుముందు మూడేళ్లలో కమిటీలో ఉన్నవాళ్ల పేరు కుండలో వేయకూడదు. కమిటీలో ఉండి లెక్కలు చూపించనివాళ్ల పేరు అసలే వేయకూడదు. వాళ్ల దగ్గరి చుట్టాల పేర్లు కూడా వేయకూడదట! ఏయే చుట్టాలో వరుసలు పెట్టి మరీ చెక్కించారు. ఆ కుండలో ఆడవాళ్ల పేర్లకు చోటు లేదు, ఆస్తి లేనివాళ్లకూ లేదు. మీ గ్రూపు ఆ విషయంలో వాళ్లకంటే ఎంతో ముందుంది. లెక్కల దగ్గర మాత్రం వాళ్లంత గట్టిగా ఉండండి.

లీడరు ఎన్నికకు అందరూ ఒప్పుకోవాల్సిన పని లేదు, ఎక్కువమంది చాలు. ఎందుకంటే లీడరు పదవికి గడువు ఉంటుంది, సభ్యత్వానికి ఉండదు. మీకు అసలు లోపించింది ఆ గడువే అని నాకనిపిస్తోంది. చాలా గ్రూపుల్లో రెండేళ్లకోసారి లీడర్లు మారాలని తీర్మానం రాసుకుంటారు. మీ మొదటి మినిట్స్ పుస్తకం తీసి చూడండి, మీరూ రాసుకునే ఉండవచ్చు. లేకపోతే ఇప్పుడు రాసుకోండి. ఇద్దరినీ ఒకేసారి మార్చకుండా, ఈ ఏడు రెండో లీడరు, వచ్చే ఏడు మొదటి లీడరు అని పెట్టుకుంటే పని తెలిసిన మనిషి ఎప్పుడూ ఒకరు ఉంటారు. లీడరక్కను రేపే దిగిపొమ్మని ఎవరూ అనక్కర్లేదు. ఆమెకు ఒక ఏడాది టైముంటుంది, పుస్తకాలు అప్పగించడానికి, కొత్తామెను బ్యాంకుకి, వీవో మీటింగుకి వెంట తిప్పడానికి. పదేళ్లు మోసిన మనిషికి మర్యాదగా దిగే దారి ఉండాలి.

లీడరుకి కూడా గింజలే. నిలబడిన ఒక్కొక్కరికీ ఒక చెంబు, గుర్తుకోసం చెంబు ముందు గాజో, దువ్వెనో, పసుపుకొమ్మో పెట్టండి. ఒక్కొక్కరికి ఒక్కటే గింజ. ఎవరూ నిలబడకపోతే? చాలా గ్రూపుల్లో జరిగేది అదే. "నాకు చదువు రాదు, నావల్ల కాదు" అని అందరూ తప్పుకుంటారు, పాత లీడరే ఉండిపోతుంది. ఆ తర్వాత ఆమె పెత్తనం గురించి గొణుగుతారు. సంతకం చేయగలిగి, బస్సెక్కి బ్యాంకుకి వెళ్లి రాగలిగితే చాలు, లెక్కలు రాయడానికి బుక్‌కీపర్ ఉంటుంది. గ్రూపు నుంచి ఇద్దరు లీడర్లూ వీవోలో కూర్చుంటారు కాబట్టి, నలుగురిలో నోరు విప్పగలిగే మనిషైతే ఇంకా మంచిది. మీ వీవో మ్యాక్స్ చట్టం (పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం) కింద రిజిస్టరయి ఉంటే దానికి వేరే బైలాలు ఉంటాయి. అక్కడి పదవులకు అవి వర్తిస్తాయి. మీ గ్రూపు లోపలి సంగతి మీ తీర్మానమే.

డబ్బు లెక్క ఒకటి తేల్చకుండా ఎవరినీ చేర్చుకోకండి. ఉదాహరణకు మీ పొదుపు నెలకు వంద అనుకుందాం. పదేళ్లకు ఒక్కొక్కరిది 12,000. పన్నెండు మందికి 1,44,000. దాన్ని లోపల తిప్పుకోగా వచ్చిన వడ్డీ ఇంకో 60,000 అనుకుంటే, మనిషికి 5,000 వాటా. హైదరాబాద్ వెళ్లినామెకు 17,000 రావాలి, ఆమె బాకీ ఏమైనా ఉంటే దాంట్లో తగ్గించి ఇవ్వాలి. ఆమె సంతకంతో చెల్లు రాయించుకోండి. కొత్తగా వచ్చే మనిషిని "నువ్వూ పన్నెండు వేలు తెచ్చి కట్టు" అంటే కూలికి వెళ్లే ఆమె ఎక్కణ్నుంచి తెస్తుంది? దానికంటే ఈ రోజు వరకు మీ పదకొండు మంది వాటాలు తేల్చి పుస్తకంలో రాసుకోండి. కొత్తామెకు ఈ నెల వంద నుంచి లెక్క మొదలవుతుంది, ఇక ముందు వచ్చే వడ్డీలో ఆమె పొదుపును బట్టి వాటా. ఇప్పుడు నడుస్తున్న బ్యాంకు అప్పు తను వాడుకోలేదు కాబట్టి దాని భారం ఆమె మీద వేయబోమని కూడా అదే తీర్మానంలో రాయండి. ఆ మాట రాయకే తర్వాత ఎన్ని గ్రూపులు తగువులు పడ్డాయో.

లీడరక్కతో మాట్లాడటం గురించి అడిగారు. మీటింగులో అందరి ముందు హఠాత్తుగా లేవకండి, ఆమె అవమానంగా తీసుకుంటుంది. రెండు రోజుల ముందే, గ్రూపులో ఇంకొకరిని తోడు తీసుకుని ఆమె ఇంటికి వెళ్లండి. మంది మార్బలంతో వద్దు, ఒక్కరు చాలు. "అక్కా, ఆ రోజు మా ఆయన కోసం నువ్వు చేసింది నేను బతికున్నంత కాలం మర్చిపోను. ఈ మాట నీ వెనక అనడం ఇష్టం లేక నీ దగ్గరికే వచ్చాను. చేరిక సంగతి, లీడరు సంగతి మీటింగులో గింజలు వేసి తేల్చుకుందాం. నేనూ అదే మాట అక్కడ అంటాను" అని చెప్పండి. కోడలి గురించి చెడ్డగా ఒక్క మాట వద్దు. ఆమె కోప్పడవచ్చు, "నీకు చేసినందుకా ఇది" అనవచ్చు. అంటే ఊరుకోండి, వాదించకండి. ఆపరేషన్ నాడు ఆమె సర్దినది గ్రూపు డబ్బా, సొంత డబ్బా అన్నది కూడా ఒకసారి ఆలోచించుకోండి. గ్రూపు డబ్బయితే అది మీ అందరి పొదుపు, ఆమె సమయానికి కదిలి తెచ్చి ఇచ్చింది. అందుకు కృతజ్ఞత ఉండాల్సిందే. సొంత డబ్బయితే మీరు తిరిగి ఇచ్చే ఉంటారు, ఇవ్వకపోతే ముందు అది తీర్చండి. ఎలా చూసినా ఆ ఋణం మీరొక్కరు తీర్చుకోవాల్సింది, మిగతా పదిమంది పూచీతో తీర్చేది కాదు.

"బ్యాంకు పని ఆగిపోతుంది, తొందరగా కానివ్వండి" అని ఆమె అనే అవకాశం ఉంది. అందులో నిజం ఉంది, వెళ్లిపోయినామె సంతకం మార్చేదాకా లావాదేవీలు ఇబ్బందే. కానీ దానికి రెండు మీటింగులు చాలు. కొత్త రెండో లీడరుని ఎంచుకున్న రోజే తీర్మానం రాసి, హాజరైన అందరి సంతకాలో వేలిముద్రలో పెట్టించండి. తీర్మానం నకలు, కొత్తామె ఆధార్, ఫొటోలు, గ్రూపు పాస్‌బుక్ పట్టుకుని ఇద్దరు లీడర్లూ కలిసి బ్యాంకుకి వెళ్లాలి. పొదుపు ఖాతా తెరిచేటప్పుడు లీడర్ల కేవైసీ చాలు, సభ్యులందరిదీ అక్కర్లేదని రిజర్వు బ్యాంకు నిబంధనల్లోనే ఉంది. అందరి కాగితాలూ అప్పు తీసుకునేటప్పుడు అడుగుతారు. బ్యాంకులో ఇంకేదైనా అడిగితే మీ సీసీని, అంటే మీ ప్రాంతం సంఘాల పని చూసే కోఆర్డినేటరుని, వెంట తీసుకెళ్లండి.

చివరగా, మీరు నిలబడటం తప్పా అని అడిగారు. తప్పు కాదు. కానీ ఆ సంగతి లీడరక్క ఇంటికి వెళ్లిన రోజే చెప్పేయండి. "నేనూ నిలబడదామనుకుంటున్నాను అక్కా" అని మీ నోటితో ఆమె వింటే ఒకలా ఉంటుంది, తర్వాత ఇంకెవరి ద్వారానో తెలిస్తే ఇంతా చేసింది పదవి కోసమే అనుకుంటుంది. నిలబడ్డాక గింజలు పంచే పని, లెక్కపెట్టే పని మీరు ముట్టుకోకండి. ఓడిపోతే మరుసటి నెల మీటింగుకి అందరికంటే ముందు వెళ్లి చాప పరవండి. గెలిస్తే మొదటి వారంలోనే క్యాష్ బుక్, అప్పుల లెడ్జరు, పాస్‌బుక్ పక్కపక్కన పెట్టి, లీడరక్క సమక్షంలోనే నిల్వలు సరిచూసి సంతకాలు తీసుకోండి. ఫలితం ఏదైనా, వీధి చివరి ఆమెను మొదటి మీటింగుకి మీరే వెంట తీసుకెళ్లండి.